పలుపుతో ఇచ్చిన ఆవు

మా వైపు ఆవును అమ్మితే పలుపు ఇవ్వరు. అమ్మినవాళ్లు దాని మెడలో తాడు విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నవాళ్లు తమ తాడు తామే తెచ్చుకుని కట్టి తోలుకుపోతారు. పాలికి ఇచ్చినప్పుడు మాత్రం పలుపుతో సహా ఇస్తారు. పాలికి ఇవ్వడమంటే ఆవు మనది, మేపు వాళ్లది. తొలి ఈత దూడ వాళ్లకు, మలి ఈత దూడ మనకు, పాడి వాళ్ల ఇంటికి. ఆవు ఎన్నేళ్లు వాళ్ల కొట్టంలో ఉన్నా మనదే. దీనికి కాగితం రాసుకున్నవాళ్లను పుంగనూరు చుట్టుపక్కల నేను చూడలేదు. కాగితం అడిగితే ఎదుటివాడిని దొంగ అన్నట్టే లెక్క. ఇంత మాత్రం సంగతి ఒక లాయరుకు చెప్పుకోవడానికి నేనూ మా అమ్మా మదనపల్లె దాకా పోవాల్సి వచ్చింది.

మాది పుంగనూరులో పెరుగు అంగడి. నాయన పోయాక అమ్మా నేనూ నడుపుకుంటున్నాం. ఇంటి వెనక రేకుల కొట్టంలో పెద్ద సీమావులు ఉంటాయి, అంగడికి పాలు ఇచ్చేవి అవే. వాటి పక్కన ఒక పొట్టి తెల్లావు ఉండేది. అమ్మ పెళ్లయి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు వెంట పంపిన ఆవు సంతతిలో అది చివరిది. మా ఊరి పేరు పెట్టుకున్న జాతి అది, మా ఊళ్లోనే కనబడడం మానేసింది. దాని పాలు మా ఇద్దరి కాఫీకి సరిపోతే గొప్ప. అంగడికి పనికిరాదు, అమ్మడానికి అమ్మకు మనసు రాదు. పొద్దున్నే సీమావులకు మేత వేసేటప్పుడు నోరెత్తని మా అమ్మ, దాని దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. "దానికి నువ్వు జీతం ఇయ్యాల, ఇంత ఓపిగ్గా వింటాండాది" అని నేను ఆటపట్టించేదాన్ని.

వానలు లేని ఏడాది గడ్డి దొరకడం కష్టమైంది. పెద్దావులకే చాలడం లేదు. అప్పుడు కుప్పం మామ గుర్తుకొచ్చాడు. మాకు చుట్టం కాదు, నాయనకు పశువుల సంతల్లో స్నేహితుడు. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. కుప్పం దాటి అడవి అంచున వాళ్ల ఊరు, అక్కడ మేపుకు కరువు లేదు. ఆవును పాలికి ఇస్తామంటే సరేనన్నాడు.

చిన్న లారీలో దాన్ని నిలబెట్టుకుని అమ్మా నేనూ పోయాం. మామ ఇంటి ముందు దించేసరికి దాని పలుపు ఒకచోట పీచులు తేలి ఉంది. దారిలో లారీ చువ్వకు రాసుకుని నలిగినట్టుంది. మామ చూసి, లోపలికి పోయి కిత్తనారతో తానే పేనిన కొత్త పలుపు తెచ్చాడు. పాతది విప్పేసి కొత్తది కట్టాడు. పాతదాన్ని అమ్మ మడిచి సంచిలో వేసుకుంది. మా అమ్మ దేన్నీ పారేయదు, తెగిన చెప్పు కూడా చూరులో దాస్తుంది. ఆ క్షణంలో మా ముగ్గురిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. తిరుగు బస్సులో అమ్మ ఏడ్చింది, నేను ఓదార్చాను, పలుపు సంచిలో ఉంది.

తరవాత లోకానికి ఏమైందో గానీ, ఆ పొట్టి ఆవుల మీద అందరికీ ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. పట్నాల్లో వాటిని హాల్లో తివాచీ మీద తిప్పుతున్నారట, కాళ్లకు గజ్జెలు కడుతున్నారట, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోతున్నారట. ఫోన్లో అలాంటి వీడియోలు చూసి అమ్మ మురిసిపోయేది. నాకు ఒళ్లు మండేది. మేము గడ్డి లేక దాన్ని ఊరు దాటించిన రోజు ఈ ప్రేమికులంతా ఎక్కడున్నారో.

తొలి ఈతలో కోడెదూడ పుట్టింది. పద్ధతి ప్రకారం మామ తీసుకున్నాడు. మలి ఈతకు ఆవు చూడి కట్టిందని కబురు వచ్చింది. ఈసారి దూడ మాది. దూడ పాలు మరవగానే తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చుకుందామని అమ్మ కొట్టంలో మూల శుభ్రం చేయించింది. అప్పుడే మా అంగడికి వచ్చే ఒక పాల వ్యాన్ డ్రైవర్ ఆ మాట ఈ మాట మాట్లాడుతూ, బెంగుళూరు నుంచి ఎవరో కారులో వచ్చి మామ ఇంట్లో ఆవును చూసిపోయారని చెప్పాడు. అమ్మ వెంటనే ఫోను చేసింది. స్పీకర్ పెట్టించి నేనూ విన్నాను.

"ఏమప్పా, ఆవును ఎవరికో సూపిస్తాండావంట?"

మామ అన్నాడు. "నా ఆవు నేను సూపించుకుంటే ఏమక్కా?"

"నీ ఆవు ఎట్లయితాది? పాలికి ఇచ్చినా గదా నేను."

"పాలికి ఇస్తే పలుపు ఈడ ఉండల్ల. పలుపు నువ్వే తీసుకపోతివి గదక్కా."

అమ్మ ఫోను నా చేతికిచ్చి కొట్టం వైపు పోయింది. కొట్టంలో మేకుకు ఆ పాత పలుపు వేలాడుతూనే ఉంది. మామకు ఆశ పుట్టింది, అంతే. కానీ ఆ ఆశకు తగిలించుకోవడానికి మేకు మేమే కొట్టి ఇచ్చాం. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఎవరూ తినలేదు.

మా ఊళ్లో మాకు తెలిసిన లాయరు ఒకాయన ఉన్నాడు, రోజూ మా అంగడిలోనే పెరుగు కొంటాడు. ఆయన చేసేవన్నీ పోలీసు కేసులు, బెయిళ్లు. "ఇది సివిలమ్మా. నేను తలదూరిస్తే మీ ఆవు, నా పరువు రెండూ పోతాయి. ఒప్పందాల గొడవలు చూసే మనిషి మదనపల్లెలో ఉన్నాడు" అని దారి చెప్పాడు. టీ అంగడి దగ్గర ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. కోర్టెందుకు, నలుగురు మనుషుల్ని తీసుకుపోయి ఆవును తోలుకొచ్చేయండి అని ఒకాయన. ఆ నలుగురిలో తాను వస్తాడా అని అడిగితే ఆయనకు మోకాలు నొప్పి.

టమాటా లారీల వెనకాల నెమ్మదిగా పాకుతూ మా బస్సు మదనపల్లె చేరింది. లాయరు ఆఫీసు ఒక పట్టునూలు అంగడి మీద, ఇరుకు మెట్లెక్కి పోవాలి. మాకంటే ముందు టమాటా మండీ భాగస్థులు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకే లాయరును పెట్టుకోవడానికి వచ్చినట్టున్నారు. మా వంతు వచ్చింది. లాయరు పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మొత్తం విన్నాడు. కాగితం ఉందా అన్నాడు, లేదన్నాం. సాక్షులు అన్నాడు, నేను అన్నాను. "కూతురి సాక్ష్యం" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆవు ఫొటో అడిగాడు. ఎంత వెతికినా మా దగ్గర ఉన్నది ఒకటే, మా చిన్నాన్న కొడుకు కొత్త బండితో దిగిన ఫొటో. అందులో వెనకాల ఆవు తోక ఉంది.

ఆయన నవ్వలేదు. "గెలవడమంటే మీ లెక్కలో ఏంటమ్మా?" అని అమ్మను అడిగాడు.

"ఆవు మా కొట్టంలో ఉండల్ల సారూ. దాని దూడ దాని పక్కన ఉండల్ల."

"నష్టపరిహారం వస్తే?"

"అది మేత తింటాదా సారూ?"

ఆయన తల ఊపాడు. సివిల్ కేసు నిదానంగా నడుస్తుందనీ, ఆవు వయసు కూడా చూసుకోవాలనీ, రాజీకి దారి ఉంటే మూసుకోవద్దనీ చెప్పాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజు మాకు అక్కడ అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అమ్మ పలుపు సంగతి కూడా దాచలేదు. ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టాడు.

"ఈ తాడు విషయం ఇంకెవరికైనా చెప్పారా?"

"అడిగినోళ్లందరికీ సెప్పినా."

"కోర్టులో మీరుగా చెప్పవద్దు."

"అడిగితే సెప్తా సారూ. తెచ్చుకున్న్యా కాబట్టి తెచ్చుకున్న్యా అనే సెప్తా. తాడు పాతదైందని కొత్తది కట్టి ఇచ్చినాడు గానీ, ఆవును కొనుక్కోని ఇయ్యలేదని గూడా సెప్తా."

నేనైతే చెప్పేదాన్ని కాదు. ఆ మాట మెట్లు దిగుతూ అమ్మతో అంటే, నా వైపు చూడకుండా కింద అంగడిలో పట్టునూలు చుట్టలు చూస్తూ నడిచింది.

నోటీసు పోయింది. ఆవును మా దగ్గర కొన్నానని మామ లాయరు ద్వారా జవాబిచ్చాడు. ఇక దావా వేయక తప్పలేదు. ఆవు ఉన్న చోటే వేయాలి కాబట్టి కుప్పంలో వేశాం. తీర్పు వచ్చేలోగా ఆవును అమ్మకుండా ఆర్డరు తెస్తానని మా లాయరు అన్నాడు. అమ్మకు అది చాలలేదు. కుప్పంలో ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. పొద్దున బండెక్కిస్తే కాఫీ చల్లారేలోగా వేరే రాష్ట్రంలో ఉంటుంది.

"బార్డరు దాటిస్తే యాడికని పోయి వెతకల్ల సారూ? ఊరు దాటగూడదని రాయించండి."

ఆయనకూ అది సబబుగానే తోచింది. ఆవును అమ్మకూడదు, ఊరి పొలిమేర దాటించకూడదు అని అడిగాం. కోర్టు అలాగే ఇచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించి, అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది, పొలిమేర దాటగూడదని రాసినారు అని. చాలా రోజుల తరవాత ఆమె కడుపు నిండా తిన్నది అప్పుడే.

వాయిదాలకు పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం పోయేవాళ్లం. కోర్టు వరండాలో మూడు భాషలు ఒకేసారి వినబడతాయి. మొదటి వాయిదాకు మామ వరండా ఆ చివర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. అమ్మ మాత్రం ఇద్దరు లాయర్లూ, వాళ్ల కాగితాల కట్టలూ, జనమూ మధ్యలో ఉన్నా సరే అక్కడి నుంచే గొంతెత్తి అడిగింది.

"ఏమప్పా, ఆవు బాగా మేస్తాందా?"

మామ లేచి నిలబడ్డాడు. "మేస్తాందక్కా. కడుపు బాగా దిగినాది."

"ఉలవలు నానబెట్టి పెడ్తాండావా?"

"పెడ్తాండా. రాగిగడ్డి గూడా ఏస్తాండా."

"బండల మీద కట్టేయొద్దు, కాలు జారుతాది. ఈత టైముకు దగ్గర మనిషి ఉండల్ల, పొట్టి జాతి గదా, కష్టపడ్తాది."

ఇద్దరు లాయర్లూ ఒకేసారి అందుకున్నారు. మామను వాళ్ల లాయరు మోచెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయాడు. మా లాయరు అమ్మకు నచ్చజెప్పాడు. "ఎదుటి పార్టీతో మాట్లాడకూడదమ్మా. మీరేమన్నా రేపు దాన్ని వేరేగా వాడుకుంటారు. ఫోన్లు కూడా వద్దు. ఏదున్నా మా ద్వారానే." అమ్మ బడిపిల్లలా తల ఊపింది. నాకు అప్పుడు సంతోషమైంది. మన ఆవును మింగాలని చూసినవాడితో ఏం కుశలాలు అని బస్సులో అరిచాను కూడా. ఆ తరవాత వాయిదాల్లో ఇద్దరూ చెరొక చివర కూర్చుని, మామ తన చెప్పుల వైపూ అమ్మ గోడ వైపూ చూసుకునేవాళ్లు. ఒకసారి అమ్మ నోరు తెరవబోయి, మా లాయరు వైపు చూసి మూసుకుంది.

ఎండలు ముదిరాయి. ఆవు ఈనే రోజులు దగ్గరపడ్డాయని అమ్మ గోడ మీది క్యాలెండరు చూసి మనసులోనే లెక్క వేసుకునేది. కనుక్కుందామా అని నన్ను అడిగింది. లాయరును అడగాలన్నాను. లాయరు వేరే కేసులో ఉన్నాడు, వాయిదాకు కనుక్కుంటానన్నాడు. వాయిదా ఇంకా రాలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ అంగడిలో చిలికిన మజ్జిగ వడకడుతోంది. నేను చిల్లర సర్దుతున్నాను. తల ఎత్తేసరికి మెట్టు కింద మామ నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. కుప్పం నుంచి బస్సులు మారి వచ్చిన మనిషి, చొక్కా అంతా దుమ్ము. లాయరు చెప్పిన మాట గుర్తొచ్చి నేను నోరు తెరవబోయాను. అంతలో ఆయన సంచిలోంచి కిత్తనార పలుపు తీసి అంగడి బల్ల మీద పెట్టాడు.

అమ్మ చేతిలో గుడ్డ ఆగింది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. మా వైపు పాలికి ఇచ్చిన ఆవు చచ్చిపోతే, మేపినవాడు దాని పలుపు తెచ్చి సొంతదారు చేతికి ఇవ్వాలి. కొనుక్కున్న ఆవు చచ్చిపోతే ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర లేదు.

"ఎప్పుడప్పా?" అంది అమ్మ.

"మొన్నక్కా. దూడ అడ్డం తిరిగినాది. మా ఊరికొచ్చే కాంపౌండరు సెయ్యి పెట్టి సూసి, ఈడ కాదు, కుప్పానికి తీస్కపోండి, డాక్టరు కోసి తీయల్ల అన్న్యాడు. బండి గూడా పిలిపించినా."

"మరి?"

ఆయన బల్ల వైపే చూస్తూ అన్నాడు. "పొలిమేర దాటగూడదని కోర్టు ఆర్డరు ఉండాది గదక్కా. దాటిస్తే జైలని మా లాయరు సెప్పిండె. ఆయప్పకు ఫోను మీద ఫోను చేసినా. కోర్టులో ఉన్న్యాడో ఏమో, ఎత్తలేదు. బండి వాకిట్లో నిలబెట్టుకోని కూసున్న్యా. పొద్దుగూకే యాళకు పోయినాది."

"నాకు యాల ఫోను చేయలేదప్పా?" అమ్మ చేతిలో గుడ్డ గిన్నెలో పడేసింది. "నా నంబరు నీ దగ్గర ఉండాది గదా. తోలకపో నాయనా అని ఒక్క మాట అందును గదా. ఒక్క మాట!"

"నీతో మాట్లాడగూడదని సెప్పినారు గదక్కా."

అంగడిలో పెరుగు కోసం వచ్చిన ఒకామె గిన్నె పట్టుకుని వెనక్కి పోయింది. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉంది, కోపం రాలేదు. లాయరు మీద తెచ్చుకోవాలని చూశాను, అదీ నిలవలేదు. మేము అడిగిందే ఆయన అడిగాడు, అడిగిందే కోర్టు ఇచ్చింది. కొట్టంలో శుభ్రం చేయించిన మూల గుర్తొచ్చి నేను అంగడి వెనక్కి పోయి ఏడ్చాను.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ ఆయనకు గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగకుండా పట్టుకుని ఉన్నాడు.

"దూడ?" అని అడిగింది అమ్మ.

"పెయ్యక్కా. తెల్లది. తల్లితోనే పోయినాది."

ఆయన గ్లాసు కింద పెట్టి బస్టాండు వైపు పోయాడు. అమ్మ పలుపు తీసుకుపోయి కొట్టంలో పాతదాని మీదే తగిలించింది.

నేను లాయరుకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన నెమ్మదిగా, ఆ పలుపు ఎక్కడుందని అడిగాడు. తానుగా తెచ్చి ఇచ్చాడంటే ఆవు మీదని ఒప్పుకున్నట్టేననీ, జాగ్రత్తగా పెట్టమనీ, కేసు ఇక నష్టపరిహారం కిందికి మార్చుకోవచ్చనీ, ఇప్పుడు మన పక్షం గట్టిదనీ చెప్పాడు. చెడ్డవాడు కాదు, తన పని తాను చేస్తున్నాడు. అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఆవు నాదని ఆయన ఒప్పుకున్న్యాడు సారూ. నేను కోర్టుకు పోయింది అందుకే గదా. ఇంగ సాలు, ఆపేయండి."

ఆపడానికి కూడా ఒకసారి పోవాలట. వాయిదా రోజు మళ్లీ బస్సులు మారి కుప్పం పోయాం. మామ అదే చివర బెంచీ మీద ఉన్నాడు. అమ్మ నేరుగా పోయి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరు లాయర్లూ చూశారు. మాట్లాడవద్దని ఆ రోజు ఎవరూ అనలేదు. పిలుపు వచ్చేదాకా వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు, ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.